వేట పోయింది... వంట మిగిలింది!

పొత్తపినాడులోని ఉడుమూరు కుర్రాడు తిన్నడు ఓ రోజు వేటకు వెళ్లాడు. అడవిపంది ఒకటి తప్పించుకుని పరుగు తీస్తే దాని వెంటపడి చాలాదూరం వెళ్లిపోయాడు. చివరికి పంది చిక్కింది. అక్కడే, చెట్ల మధ్య ఒంటరిగా ఉన్న శివలింగమూ కంటపడింది. ఇంత అడవిలో ఈయనకు అన్నం పెట్టేవాళ్లెవరు అని కుర్రాడి మనసు కలుక్కుమంది. గబగబా పుల్లలు ఏరాడు. నిప్పు రాజేశాడు. మాంసం ముక్కలు కాల్చాడు. ఒక్కో ముక్కా కొరికి చూసి, బాగా కాలినవీ రుచిగా ఉన్నవీ ఏరి ఆకుదొప్పలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ ఖాళీ లేకపోవడంతో నీళ్లు పుక్కిట పట్టుకొచ్చాడు. అదే అభిషేకం, అదే నైవేద్యం.

శ్రీకాళహస్తి కన్నప్ప కథ ఇది. 12వ శతాబ్దంలో తమిళంలో శేక్కిళారు, 16వ శతాబ్దంలో తెలుగులో ధూర్జటి చెప్పిన కథ. భక్తి సంగతి కాసేపు పక్కన పెడితే, తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్న అడవి వంట కూడా ఇదే. అందులో ఉప్పు లేదు, కారం లేదు, గిన్నె అసలే లేదు. ఉన్నవల్లా నిప్పు, ఆకుదొప్ప, పెట్టాలన్న ఆత్రం. అయినా ఇన్ని వందల ఏళ్లుగా ఎవరూ ఆ భోజనాన్ని మర్చిపోలేదు!

ఇంట్లో పదహారు రకాలు వండిన పండగ భోజనం నెల తిరిగేసరికి గుర్తుండదు. ఎప్పుడో చెరువుగట్టున మూడు రాళ్లు పెట్టి వండిన కాస్త మాడిన అన్నం మాత్రం ముప్ఫయ్యేళ్లయినా నోట్లో మెదులుతూనే ఉంటుంది. ఎందుకలా? జవాబు కోసం వేటగాళ్ల వంటల్నీ, కొండలెక్కినవాళ్ల వంటల్నీ ఓసారి తిరగేయాల్సిందే.

లేకపోవడంలోంచి పుట్టిన రుచి

వేటంటే మోజుపడిన రాజులకు తిండన్నా మోజే. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. రాజ్యపాలన నుంచి సంగీతం దాకా సమస్తం ఉన్న ఆ పుస్తకంలో వేట పద్ధతులకు ఒక భాగం, తిండికి మరో భాగం కేటాయించాడు. పంది మాంసాన్ని శుభ్రం చేసి కాల్చే తీరు కూడా వివరంగా చెప్పాడు. తలచుకుంటే వందమంది వంటవాళ్లు పరిగెత్తుకొచ్చే రాజు అంత శ్రద్ధగా ఈ సంగతులన్నీ రాసిపెట్టాడంటే, వాటిమీద ఎంత ఇష్టమో ఊహించుకోవచ్చు.

అయితే వేట విడిదిలో వంటంటే రాజుగారి వంటగది కాదు. గుర్రాలమీద, ఒంటెలమీద వెళ్లేవాళ్లు దినుసులన్నీ మోసుకెళ్లలేరు. పాలు విరిగిపోతాయి, పెరుగు పులిసిపోతుంది, కూరగాయలు వాడిపోతాయి. ఎన్నాళ్లయినా పాడవకుండా ఉండేవి నెయ్యి, ఉప్పు, ఎండుమిరపకాయలు. అందుకే రాజస్థాన్ వేట విడిదుల్లో ‘జంగ్లీ మాస్’ పుట్టింది. అల్లం లేదు, వెల్లుల్లి లేదు, ఉల్లిపాయ కూడా లేదు. మాంసం, నెయ్యి, ఉప్పు, ఎండుమిర్చి... నీళ్లు ఇంకిపోతున్న కొద్దీ మళ్లీ కాసిని చిలకరిస్తూ సన్నటి సెగమీద గంటలకొద్దీ మగ్గనివ్వడమే. ఆ నాలుగు దినుసులతోనే వండిన కూర ఇవాళ పెద్దపెద్ద హోటళ్ల మెనూల్లో ఉంది. కాకపోతే లోపల ఉండేది మేక మాంసం.

అక్కడిదే ‘ఖడ్’ అనే మరో పద్ధతి. ఖడ్ అంటే గొయ్యి. పాత్ర లేదు కాబట్టి నేలే పాత్ర. మసాలా పట్టించిన కుందేలును రొట్టెల్లో చుట్టి, నిప్పులు నింపిన గోతిలో పెట్టి, పైన మట్టి కప్పేసేవారు. వేటగాళ్లు మళ్లీ తిరిగి వచ్చేసరికి లోపల మాంసం మెత్తగా ఉడికి, రొట్టె దాని రసాన్ని పీల్చుకుని సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఆ స్థానంలోకి కోడి వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ ‘పత్థర్ కా గోష్’ సంగతే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు పులివేటంటే ప్రాణం. ఓసారి ఆయన వేటకు వెళితే వంటవాళ్లు కబాబులు కాల్చే ఇనుప చువ్వలు తీసుకెళ్లడం మర్చిపోయారట. ఏం చేయాలో తోచక, పక్కనే ఉన్న నల్లరాతి పలకకింద మంట పెట్టి, అది బాగా కాలాక దానిమీదే మాంసం ముక్కలు పరిచారట. ఈ కథ హైదరాబాద్‌లో తరాలుగా ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా కిటుకు మాత్రం గట్టిదే. దక్కన్‌లో ఎటు చూసినా గ్రానైటే. వేడెక్కడానికి చాలాసేపు తీసుకుంటుంది కానీ ఒకసారి వేడెక్కితే అంత తొందరగా చల్లారదు. పెనంమీద మంట ఎక్కువైన చోట మాడి, తక్కువైన చోట పచ్చిగా ఉండే ముక్క, రాతిమీద నిదానంగా సమంగా కాలుతుంది. అన్నట్టు, ఇది చదివి ఎవరైనా ఏటి ఒడ్డున రాయి తెచ్చి పొయ్యిమీద పెడతారేమో... వద్దు. తడి పీల్చుకున్న రాయిని కాలిస్తే లోపలి నీరు ఆవిరై, ఫట్‌మని పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది.

ఈ మూడింట్లోనూ ఓ పోలిక కనిపిస్తుంది. దినుసులు లేక ఒకటి, గిన్నె లేక ఒకటి, చువ్వలు లేక ఒకటి. అన్నీ ఉన్నచోట అలవాటైన వంటే వస్తుంది. ఏదో ఒకటి లేనిచోట బుర్ర పనిచేస్తుంది!

నిప్పు చుట్టూ ఒక వాదన

అలాంటి భోజనాల్లో ఒకటి అమెరికాలో అడవుల చరిత్రకే కొత్త బలమిచ్చింది. అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పేరుమోసిన వేటగాడు. 1902లో మిసిసిపీలో ఎలుగుబంటి వేటకు వెళ్లినప్పుడు, చెట్టుకు కట్టేసిన ఎలుగును కాల్చడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ వార్త దేశమంతా పాకి, పిల్లలు ఇప్పటికీ పక్కలో పెట్టుకుని పడుకునే ‘టెడ్డీబేర్’ పుట్టింది. టెడ్డీ ఆయన ముద్దుపేరు.

మరుసటేడు మే నెలలో ఆయన కాలిఫోర్నియాలోని యోసెమిటీ అడవులకు వెళ్లాడు. తోడు ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్. మందీమార్బలాన్ని దూరంగా ఉంచి, ఇద్దరు ముగ్గురు అటవీ సిబ్బందితో మూడు రాత్రులు ఆరుబయటే గడిపారు. సిబ్బందిలో ఒకరు గరిటె పట్టుకున్నారు. వేయించిన కోడి, పశుమాంసం ముక్కలు, చిక్కటి బ్లాక్ కాఫీ... ఇదీ దేశాధ్యక్షుడి విందు. రెండోరాత్రి మంచు కురిసింది. పొద్దున లేచేసరికి దుప్పట్లమీద మంచు పేరుకుని ఉంది. అయినా అంత ఆనందం ఎప్పుడూ లేదన్నట్టుగా రూజ్‌వెల్ట్ సంబరపడిపోయాడు.

ఆ నెగడు దగ్గరే మ్యూర్ ఆయన్ని నిలదీశాడంటారు. జంతువుల్ని చంపే ఈ కుర్రతనం ఎప్పుడు మానుకుంటారు అని! ఆ మాటకు రూజ్‌వెల్ట్ తుపాకీ పారేయలేదు. 1909లో పదవి దిగగానే ఆఫ్రికా వెళ్లి పెద్దఎత్తున వేటాడాడు కూడా. కానీ ఆ మూడు రాత్రుల కబుర్లు వృథా పోలేదు. 1906లో యోసెమిటీ లోయ జాతీయ పార్కులో భాగమైంది. తన పాలనాకాలంలో ఆయన దాదాపు 23 కోట్ల ఎకరాల భూమిని ప్రజల ఆస్తిగా రక్షణ కిందికి తెచ్చాడు. దర్బారులో కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఇంత జరిగేదో లేదో! పళ్లాలు ఒళ్లో పెట్టుకుని నిప్పు చుట్టూ కూర్చున్నప్పుడు అధ్యక్షుడూ ఉండడు, అర్జీదారుడూ ఉండడు.

తుపాకులు మూలన పడ్డాయి

మనదేశంలో వేటకు తెరపడింది 1972లో. ఆ ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటి గణనలో తేలిన పులులు 1,827. అడవి నిండా పులులే అని చెప్పుకున్న దేశంలో అన్నే మిగిలాయి. మరుసటేడు ఏప్రిల్ ఒకటిన ‘ప్రాజెక్ట్ టైగర్’ మొదలైంది. లెక్కపెట్టే పద్ధతులు అప్పటికీ ఇప్పటికీ మారినా, 2022 అంచనా ప్రకారం పులుల సంఖ్య 3,682. వేటగాడి విడిదిలో పొయ్యి ఆరడం అడవికి ఎంత మేలు చేసిందో చెప్పడానికి ఈ అంకె చాలు.

ఇప్పటికీ కొందరికి ఓ సరదా ఉంది. అడవిపక్క ఊళ్లో బంధువులింటికి వెళితే, ‘ఏదైనా స్పెషల్ దొరుకుతుందా బావా’ అని చెవిలో అడగడం. ఆ స్పెషల్ దుప్పి అయినా, కుందేలయినా, నెమలయినా నేరమే. మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువునైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. పైగా వేటగాడు పెట్టిన ఉచ్చుకు కళ్లుండవు. దుప్పి కోసం బిగించిన తీగకు చిరుతపులి చిక్కుకున్న సంఘటనలున్నాయి. పిట్ట మాంసమే కావాలనుకుంటే ఫారాల్లో పెంచే జపాన్ కౌజులు బజార్లో దొరుకుతూనే ఉన్నాయి.

మరి వేట పోయాక ఆ వంటలేమయ్యాయి? పోలేదు సరికదా, ఇంటింటికీ వచ్చాయి. జంగ్లీ మాస్‌లోకి మేక వచ్చింది, ఖడ్‌లోకి కోడి వచ్చింది. రుచి ఎక్కడా తగ్గలేదు. అంటే రుచి అడవి జంతువుది కాదన్నమాట. అది నిప్పుది, నిదానానిది.

బొంగు చేసే మాయ

తూర్పు కనుమల్లోని బొంగులో చికెన్‌ను చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. అడవిలో తిరిగే గిరిజనులకు గిన్నె మోసుకెళ్లే అవసరం ఎప్పుడూ లేదు. వెదురు పొదే గిన్నెల దుకాణం. ఇవాళ మారేడుమిల్లి, అరకు దారుల్లో కారు ఆపితే చాలు, నిప్పులమీద వరసగా వాల్చిన పచ్చటి బొంగులు కనిపిస్తాయి.

వంట చూడ్డానికి సులువే. ఒకవైపు కణుపు మూసి ఉన్న పచ్చి వెదురు ముక్క తీసుకుంటారు. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించిన కోడి ముక్కల్ని అందులో కూరతారు. మరీ బిగించకుండా ఆవిరి తిరగడానికి కాస్త చోటు వదులుతారు. మూతికి ఆకులు కుక్కి నిప్పులమీద వాల్చి, అరగంటకు పైగా తిప్పుతూ ఉంటారు. చుక్క నూనె ఉండదు.

ఇంతకీ కట్టె నిప్పులో ఉన్నా కాలిపోదేం? పచ్చి వెదురు ఒంటినిండా నీరుంటుంది. ఆ నీరు ఆవిరయ్యేదాకా బొంగు వేడి నూరు డిగ్రీల దరిదాపుల్లోనే ఆగుతుంది. పైన నల్లబడుతుంటే లోపల ముక్క తన నీళ్లలో తనే ఉడుకుతుంది. నీరంతా ఇంకి బొంగు భగ్గుమనేలోగా దించేయాలి. అది ఏ గడియారమూ చెప్పదు. బొంగు రంగునీ, ఆవిరి వాసననీ చూసి చెప్పాల్సిందే. అదే ఎండు వెదురుతో చేయబోతే కోడీ బొంగూ కలిసి బూడిదవుతాయి. సిటీల్లో కొన్నిచోట్ల ముందే వండేసిన కూరను బొంగులో పోసి తెచ్చిపెడతారు. చూడ్డానికి అదే కానీ, తింటే అది కాదు!

శిఖరం కింద డబ్బా పండ్లు

ఆరుబయట భోజనాల గురించి చెప్పుకుంటూ ఎవరెస్టును వదిలేస్తే తప్పే. మాంసం కాల్చడం మాట అటుంచి, అన్నం కూడా ఉడకని చోటది. 1953 మే 28 రాత్రి టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ శిఖరానికి కాస్త దిగువన, దాదాపు 8,500 మీటర్ల ఎత్తున గుడారం వేసుకున్నారు. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ. నీళ్లు 70 డిగ్రీలు దాటగానే మరిగిపోతాయి. తెర్లుతున్న నీళ్లలో రాత్రంతా ఉంచినా పప్పు ఉడకదు. ఆకలి కూడా చచ్చిపోతుంది. అయినా తినాలి, అంతకన్నా ముఖ్యంగా తాగాలి.

స్టవ్‌మీద మంచు కరిగించి నిమ్మరసం, చక్కెర కలిపిన వేడినీళ్లు మళ్లీమళ్లీ తాగారు. బిస్కెట్లమీద సార్డిన్ చేపలు పెట్టుకుని తిన్నారు. ఖర్జూరాలు, జామ్, తేనె ఉన్నాయి. అన్నిటికన్నా అపురూపం ఒక డబ్బాలోని ఆప్రికాట్ పండ్లు. అవి గడ్డకట్టి రాళ్లయిపోతే స్టవ్‌మీద కరిగించుకుని మరీ తిన్నారు. తెల్లారి చూస్తే హిల్లరీ విప్పి పెట్టిన బూట్లూ అలాగే బిగుసుకుపోయాయి. పండ్లు కరిగించిన స్టవ్‌మీదే బూట్లనూ కాచుకోవాల్సి వచ్చింది! ఆ ఉదయమే ఇద్దరూ ప్రపంచపు అంచుమీద నిలబడ్డారు. అంత పెద్ద విజయాన్ని చెప్పుకునేటప్పుడు కూడా హిల్లరీ ఆ డబ్బా పండ్లను మర్చిపోకుండా చెప్పాడు. కష్టపడి నడిచిన ఒంటికి, చలిలో వణికిన చేతికి అందిన వేడి ముద్ద అంత తేలిగ్గా మరపుకు రాదు మరి.

ఉసిరిచెట్టు కింద...

ఎవరెస్టు ఎక్కలేనివాళ్లకు కార్తికమాసం ఉంది. ఉసిరిచెట్టు నీడ ఉంది. ఒకప్పుడు వనభోజనాలంటే తెల్లారేసరికి బళ్లు కట్టేవారు. వెళ్లాక మగవాళ్లు గాడిపొయ్యి తవ్వేవారు. పిల్లలు చితుకులు ఏరుకొచ్చేవారు. ఎంత పెద్ద జాబితా రాసుకున్నా ఏదో ఒకటి ఇంట్లో మర్చిపోయేవారు. చాలాసార్లు అది ఉప్పే! దాంతో పక్క చెట్టు కింది వాళ్ల దగ్గరికి గిన్నె పట్టుకుని వెళ్లడం, వాళ్లు ఉప్పుతోపాటు రెండు గారెలూ చేతిలో పెట్టడం, సాయంత్రానికి రెండు కుటుంబాలకూ చుట్టరికం తేలడం.

ఇప్పుడు చాలాచోట్ల వంటలు వ్యానులో వస్తున్నాయి. టేబుళ్లు, బఫే, ప్లాస్టిక్ గ్లాసులు. గంటలో తినేసి, ఫొటోలు దిగి వచ్చేస్తున్నారు. భోజనానికి వంకేమీ పెట్టలేం. కానీ ఇంటికొచ్చాక పిల్లలు చెప్పుకోవడానికేం మిగిలింది? గాలి ఎటు వీస్తే పొగ అటే వస్తుందని, తడిపుల్ల ఏడుస్తుందే తప్ప మండదని, అన్నం కుతకుతమంటున్నప్పుడు మూత తీయకూడదని వాళ్లకు తెలిసేదెప్పుడు? ఎన్ని క్లాసులు చదివినా రాని పాఠాలు అవి.

అందుకే ఈసారి వెళ్లినప్పుడు ఒక్క వంటకమైనా అక్కడే వండి చూడొచ్చు. వంటవాళ్లమ్మటే చూస్తూ నిలబడకుండా తలా ఒక పని అందుకోవచ్చు. చిలగడదుంపల్ని బూడిదలో కప్పెట్టడం ఐదేళ్ల పిల్లలకూ చేతనవుతుంది. పొయ్యికి మాత్రం తోటలూ, సొంత పొలాలూ, పర్యాటకులకు కేటాయించిన స్థలాలే సరైనవి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం. ఎండాకాలంలోనైతే ఒక్క నిప్పురవ్వ చాలు, కొండంతా అంటుకోవడానికి. వచ్చేముందు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, చేత్తో తాకితే చల్లగా తగిలేదాకా ఉండాలి. మిగిలిన అన్నం కోతులకని విసిరేస్తే, రేపు అవే కోతులు దారిన పోయేవాళ్ల సంచులు లాక్కుంటాయి. వెంట తీసుకెళ్లింది వెంటే తిరిగి రావాలి, విస్తరాకు తప్ప.

తిన్నడి దగ్గర మొదలైన కథ కదా, అక్కడికే వద్దాం. ఆ కుర్రాడు ప్రతి ముక్కా కొరికి చూసింది తన ఆకలి తీర్చుకోవడానికి కాదు. బాగున్నది అవతలివాళ్లకు పెట్టాలని. మంట దగ్గర కూర్చుని వండేవాళ్లంతా చేసేది ఇప్పటికీ అదే. వేలితో కాస్త తీసి నాలుకమీద వేసుకుంటారు. కళ్లు మూసుకుంటారు. తలాడించి, మొదటి ముద్ద పక్కవాళ్ల చేతిలో పెడతారు. ఆరుబయట భోజనాలు అన్నేళ్లు గుర్తుండిపోయేది బహుశా ఆ ముద్ద వల్లనే!